మామ్మ ఒప్పుకోని కూర

దగ్గరికి జరగరా అబ్బాయీ, నెగడు బాగా రాజుకుంది. ఆ ఫోను కాసేపు జేబులో పడెయ్, ఎక్కడికీ పారిపోదులే.

మా చిన్నప్పుడు తొలకరి ఉరిమితే చాలు, తెల్లారగట్టే గంప పట్టుకుని పుట్టల వెంట పడేవాళ్లం. పుట్టగొడుగుల్ని మొగ్గల్లా ఉన్నప్పుడే పెరకాలి. ఎండెక్కితే పురుగు చేరుతుంది. సంతలో పావలా పెడితే రెండు దోసిళ్లు వచ్చేవి. పావలా అంటే తక్కువనుకునేవు, దాంతో ఇద్దరం హోటల్లో ఇడ్లీ తిని మూతి తుడుచుకుని వచ్చేవాళ్లం! సరే, ఇడ్లీల సంగతి మరోరోజు.

ఆ గంపను మామ్మ వంటింటి గడప దాటనిచ్చేది కాదు. "అది నీచురా, పెరట్లో వండుకోండి" అనేది. దానికి వేరే పొయ్యి, వేరే మట్టిదాక. బళ్లో మాస్టారేమో నల్లబల్ల మీద నిలువుగీత గీసి, అటు మొక్కలు, ఇటు జంతువులు అని రాసి, పుట్టగొడుగును మొక్కల్లో వేయించేవారు. నేనొచ్చి మామ్మతో వాదం పెట్టుకున్నాను, అదీ వంకాయలాంటిదేనని. "వంకాయ మొక్కకు పచ్చాకుంది, దీనికేదిరా?" అంది. నేను నీళ్లు నమిలాను. నువ్వైతే ఏం చెబుతావు? నవ్వడం కాదు, చెప్పు.

ఆ గీత మాస్టారిది కాదులే. స్వీడన్ దేశపు లిన్నేయస్ 1735లో పట్టుమని డజను పేజీలు దాటని పెద్ద సైజు పుస్తకంలో సృష్టినంతా మూడు రాజ్యాలు చేశాడు: రాళ్లు, మొక్కలు, జంతువులు. తిమింగలాన్ని చేపల్లో వేశాడు. 1758 నాటి పదో కూర్పులో, పిల్లకు పాలిచ్చే ఆ ప్రాణిని తెచ్చి ఆవుల, మనుషుల సరసన కూర్చోబెట్టాడు. తప్పు దిద్దుకున్న మనిషంటే నాకు గౌరవం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకున్నట్టు, పుట్టగొడుగు మాత్రం మొక్కల పేరు మీదే రెండొందల ఏళ్లు చెలామణి అయిపోయింది.

ఆ గీతకు అటూ ఇటూ కానివీ ఉన్నాయి. చెరువు నీటిచుక్కలో యూగ్లీనా అని ఒకటుంటుంది. పచ్చగా ఉండి ఎండతో తిండి వండుకుంటుంది, కొరడాలాంటి తోకతో ఈదుతుంది. రెండు పడవల మీద కాళ్లన్నమాట. అలాంటివాటికి 1866లో హెకెల్ అనే జీవశాస్త్రవేత్త, మొక్కలకూ జంతువులకూ తోడుగా, ప్రొటిస్టా అని మూడో ఇల్లు కట్టాడు.

పుట్టగొడుగుకు సొంతిల్లు గట్టిగా కుదిరింది 1969లో, అమెరికాలో విట్టేకర్ జీవుల్ని ఐదు రాజ్యాలుగా విడదీసినప్పుడు. అది ఎండతో వండుకోదు, కుళ్లినదాని మీద రసాలు వదిలి, కరిగించి పీల్చుకుంటుంది. దాని కణాల గోడలో ఉండే కైటిన్ రొయ్య పెంకులోనూ ఉంటుంది. అది దాచుకునేది బియ్యంలో ఉండే పిండిపదార్థం కాదు, మన కాలేయంలో ఉండే గ్లైకోజనే. తర్వాత జన్యువులు పోల్చి చూస్తే, మొక్కలకన్నా జంతువులకే దగ్గర చుట్టమని తేలింది. ఈ మాట నా చెవిన పడేనాటికి మామ్మ లేదు. ఉంటే పరుగున వెళ్లి చెప్పేవాణ్ణి.

కథ అక్కడితో ఆగలేదురా. 1977లో కార్ల్ ఊస్, జార్జ్ ఫాక్స్ కణాల్లోని రైబోసోముల ఆర్ఎన్ఏని పోల్చి, మీథేన్ పుట్టించే కొన్ని సూక్ష్మజీవులు బ్యాక్టీరియా వంశమే కాదన్నారు. మన పెరటి గోబర్ గ్యాసు వాటి చలవే. 1990 నుంచి వాటి పేరు ఆర్కియా. ఇప్పుడు లెక్క మూడు పెద్దిళ్లు: బ్యాక్టీరియాకొకటి, ఆర్కియాకొకటి. మూడోదాంట్లోనే మర్రిచెట్టు, తిమింగలం, పుట్టగొడుగు, నువ్వూ నేనూ అంతా సర్దుకుని ఉన్నాం.