డోవర్‌ను కాపాడిన చేతులకు సంకెళ్లు

1216 వేసవి నాటికి ఇంగ్లండ్ సగం ఫ్రెంచివాళ్ల చేతుల్లోకి పోయింది. జాన్ రాజు మీద తిరగబడ్డ ప్రభువులే ఫ్రాన్స్ యువరాజు లూయీని పిలిపించుకున్నారు. లండన్ ఆయనకు స్వాగతం పలికింది. లొంగని కొద్ది కోటల్లో ముఖ్యమైనది సముద్రపు ఒడ్డునున్న డోవర్. దాన్ని కాస్తున్నవాడు హ్యూబర్ట్ డి బర్గ్.

లూయీ మనుషులు ఉత్తర ద్వారం కింద సొరంగం తవ్వి ఒక బురుజును కూల్చేశారు. లోపలివాళ్లు పెద్ద పెద్ద దుంగలు తెచ్చి ఆ గండిని పూడ్చారు. ఇంతలో అక్టోబరులో జాన్ చనిపోయాడు. వారసుడు హెన్రీకి తొమ్మిదేళ్లు. రాజే పోయాక ఇంకెవరి కోసం ఈ పోరాటం, కోట అప్పగించమని లూయీ కబురు పెట్టాడట. రాజు పోతే ఆయన పిల్లలున్నారని హ్యూబర్ట్ జవాబు చెప్పినట్టు నాటి చరిత్రకారులు రాశారు.

మరుసటి ఏడు ఆగస్టు 24న శాండ్‌విచ్ దగ్గర సముద్ర యుద్ధం జరిగింది. లూయీకి అదనపు సైన్యాన్ని తెస్తున్న ఫ్రెంచి ఓడలను హ్యూబర్ట్ ముందుకు పోనిచ్చి, గాలివాటం తనవైపు తిరిగేలా వెనకనుంచి వచ్చి పడ్డాడు. ఇంగ్లీషు ఓడల మీది నుంచి విసిరిన సున్నప్పొడి గాలికి ఎగిరి శత్రువుల కళ్లలో పడింది. కొద్ది వారాల్లోనే లూయీ సంధి చేసుకుని వెళ్లిపోయాడు. బాల రాజుకు సింహాసనం నిలిచింది.

హ్యూబర్ట్ పుట్టుకతో మహా ప్రభువేమీ కాదు. నార్‌ఫోక్‌లోని ఓ మామూలు భూస్వామి కుటుంబంలో పుట్టి, జాన్ కొలువులో చేరి పైకొచ్చాడు. 1215లో జస్టిషియర్ అయ్యాడు. ఆ రోజుల్లో రాజు తర్వాత అంత పెద్ద పదవి మరొకటి లేదు. ఖజానా, న్యాయస్థానాలు ఆయన కనుసన్నల్లో నడిచేవి. రాజు దేశంలో లేకపోతే రాజ్యమే ఆయనది. 1219లో రాజప్రతినిధి విలియం మార్షల్ చనిపోయాక హ్యూబర్ట్‌కు ఎదురు చెప్పగలవాళ్లు తగ్గిపోయారు. 1221లో స్కాట్లండ్ రాజు అక్క మార్గరెట్‌ను పెళ్లాడాడు. 1227లో కెంట్ ఎర్ల్ అయ్యాడు. మరుసటి ఏడు జస్టిషియర్ పదవి జీవితాంతం ఆయనదేనని రాజు రాసిచ్చాడు.

ఈ వైభవం వెనక ఒక మరక ఉంది, దాన్ని దాటవేస్తే హ్యూబర్ట్ కథ సగమే చెప్పినట్టు. మాగ్నా కార్టా అనే హక్కుల పత్రం పీఠికలో జాన్ రాజు సలహాదారుల్లో హ్యూబర్ట్ పేరుంది. చట్టబద్ధమైన తీర్పు లేకుండా స్వతంత్రుడిని శిక్షించరాదన్నది ఆ పత్రం ప్రాణం. కానీ 1222లో లండన్‌లో అల్లర్లు చెలరేగినప్పుడు, వాటికి ముందు నిలిచిన కాన్‌స్టంటైన్ అనే పౌరుణ్ని విచారణ లేకుండానే ఉరి తీయించాడు. లండన్ ఆ గాయాన్ని మరవలేదు.

1232లో హెన్రీ మనసు విరిగింది. యుద్ధాల్లో ఓటములు, ఖాళీ ఖజానా, హ్యూబర్ట్ పాత శత్రువు వించెస్టర్ బిషప్ పీటర్ పునరాగమనం, అన్నీ కలిశాయి. పదవి ఊడింది. ఖజానా లెక్కలు అప్పజెప్పమన్నారు. విషం పెట్టి మనుషుల్ని చంపించాడన్నారు. ధరించినవాడికి యుద్ధంలో ఓటమి లేకుండా చేసే మణిని దొంగిలించి వేల్స్ రాజుకిచ్చాడని కూడా అన్నారు!

హ్యూబర్ట్ పారిపోయి ఎసెక్స్‌లో, బ్రెంట్‌వుడ్ దగ్గరున్న ప్రార్థనాలయంలో తలదాచుకున్నాడు. రాజభటులు అక్కడి నుంచి ఈడ్చుకొచ్చి, సంకెళ్లు బిగించమని ఓ కమ్మరిని పిలిచారు. డోవర్‌ను కాపాడి దేశాన్ని పరాయివాళ్ల చేతుల్లో పడకుండా నిలిపినవాడికి సంకెళ్లు వేయడం కంటే చావడం మేలని ఆ కమ్మరి నిరాకరించాడని మాథ్యూ పారిస్ రాశాడు. ఆయన హ్యూబర్ట్ పక్షం వహించిన చరిత్రకారుడు, కాబట్టి ఆ మాటలు అక్షరాలా నిజమని నేననను. అయినా పల్లెల్లో ఆ పేరుకున్న గౌరవం అందులో కనిపిస్తోంది.

చివరికి డివైజెస్ కోటలో ఖైదు చేశారు. 1233లో తప్పించుకుని పక్కనున్న చర్చిలో దూరాడు. అక్కడి నుంచి మిత్రులు సాయుధులై వచ్చి విడిపించుకుపోయారు. మరుసటి ఏడు పీటర్ బిషప్ వర్గం కూలింది. హ్యూబర్ట్‌కు, ఆయన మిత్రులకు చట్టరక్షణ లేకుండా చేస్తూ వేసిన వెలి చట్టవిరుద్ధమని 1234లో రాజు కొలువులోనే తీర్పు వచ్చింది. రాజు ఇష్టం ఒక్కటే చట్టం కాదని రాజు సమక్షంలోనే తేల్చిన ఆ తీర్పును నేను శాండ్‌విచ్ గెలుపు కంటే గొప్పదిగా లెక్కిస్తాను. కాన్‌స్టంటైన్‌కు దక్కనిది హ్యూబర్ట్‌కు దక్కింది.

ఎర్ల్ హోదా తిరిగొచ్చింది కానీ అధికారం రాలేదు. 1239లో మళ్లీ నేరారోపణలు చుట్టుముడితే వేల్స్ సరిహద్దులోని తన మూడు కోటలతో పాటు మరో కోటను రాజుకు ధారపోసి బయటపడ్డాడు. 1243లో సర్రేలోని బాన్‌స్టెడ్‌లో కన్నుమూశాడు. మార్గరెట్‌కు పుట్టిన ఒక్కగానొక్క కూతురు అప్పటికే చనిపోవడంతో కెంట్ ఎర్ల్ బిరుదు ఆయనతోనే ముగిసింది.