బడి తాళం ఎవరిది, బడి ఖర్చు ఎవరిది?

కవిటి తీరంలో కొబ్బరి తోటలు దాటి పడమటికి చూస్తే, మబ్బు లేని రోజున మహేంద్రగిరి కొండల వరస కనిపిస్తుంది. కింద ఉద్దానం ఊళ్లు, పైన మందస, మెళియాపుట్టి వైపు మన సవర గూడలు. బతుకులు వేరైనా ఒక్క సంగతి రెండుచోట్లా ఒకటే. చాలా ఊళ్లలో అందరిదీ అని చెప్పుకోగల గట్టి కప్పున్న కట్టడం బడి ఒక్కటే.

అందుకే గ్రామసభ, ఓట్లు, టీకాలు, వైద్య శిబిరం అన్నీ అక్కడే జరుగుతాయి. వానాకాలంలో పెళ్లివారి విడిది కూడా అక్కడే. మర్నాడు పిల్లలు వచ్చేసరికి ట్యాంకులో నీళ్లుండవు, మరుగుదొడ్డి అడుగు పెట్టేటట్టు ఉండదు, బెంచీ కాలు విరిగి ఉంటుంది. మరోసారి అడిగితే మాస్టారు తాళం ఇవ్వనంటారు. ‘మా ఊరి బడికి మాకే తాళమా?’ అని ఊరు అడుగుతుంది. ఈ తగువు తీరాలంటే బడిని ఇంతవరకు ఎవరు మోశారో తెలుసుకోవాలి.

సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని తలచిన తొలివారిలో గిడుగు రామమూర్తి పంతులు ఒకరు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవర భాష నేర్చుకున్నారు, అందులో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, చెప్పేవాళ్లకు జీతాలు కూడా తనే ఇచ్చారు. అప్పట్లో పర్లాకిమిడి, కవిటి, మందస అన్నీ మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలోవే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక పర్లాకిమిడి అటు వెళ్లింది, మన ప్రాంతం విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా వచ్చింది. సర్కారు, జిల్లా పేరు, సరిహద్దు మారినా కొండ మీద బడికి పక్కా గోడలు మాత్రం చాలాకాలం రాలేదు.

1990ల్లో గిరిజన ప్రాంతాల్లో ‘మాబడి’ పథకం వచ్చింది. బడి కావాలని ఊరు అడగాలి, జాగా చూపాలి, పాక వెయ్యాలి. చదువు చెప్పేవాళ్లను సర్కారు చూసుకుంటుంది. గూడ జనమే కలప మోశారు, గడ్డి కోశారు, గోడలకు మట్టి మెత్తారు. ఆ చెమటకు ఎవరూ రసీదు రాయలేదు. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యానికి ఒక చట్టం వచ్చి, తల్లిదండ్రుల కమిటీలకు చోటు కల్పించింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా 21వ సెక్షన్‌లో బడి యాజమాన్య కమిటీ ఉండాలంది. ‘మా బడి’ అనే మాటకు ఊరి చెమట ఒక ఆధారం, చట్టం మరో ఆధారం.

ఆ మాట విలువ ఏమిటో తుఫాను రాత్రి తెలుస్తుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరి, జీడి చెట్లు కూకటివేళ్లతో కూలాయి. ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అటువంటి రాత్రి బడి తలుపు దగ్గర అద్దె అడిగేవాడు ఉండకూడదు.

రాత్రి బడి ఏం చేయగలదో నెల్లూరు జిల్లా దూబగుంట చూపించింది. 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతుల్లో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్లు సారా గురించి మాట్లాడుకున్నారు, అక్కడి నుంచే సారా వ్యతిరేక ఉద్యమం లేచింది. కూర్చోవడానికి గంటకింత అని కట్టమని ఉంటే ఆ కూలి తల్లులు వచ్చేవారా?

అయితే అద్దె లేదంటే ఖర్చు లేదని కాదు. దీపం వెలిగితే కరెంటు బిల్లు వస్తుంది, మోటారు తిరిగితే అరుగుతుంది. ఆ డబ్బు ఎక్కడిది? 2018లో మొదలైన సమగ్ర శిక్షలో 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి ఏడాదికి రూ.25,000 గ్రాంటు పెట్టారు. సుద్దముక్క నుంచి చిన్న మరమ్మతు దాకా అందులోనే సర్దుకోవాలి. అమ్మ ఒడి రూ.15,000లో మొదట వెయ్యి, 2022లో రెండు వేలు బడి, మరుగుదొడ్ల నిర్వహణకు తగ్గించి ఇచ్చారు. 2025లో తల్లికి వందనం కింద కూడా తల్లి చేతికి వచ్చింది రూ.13,000. నలభై మంది పిల్లలున్న బడికి లెక్క వేయండి. తల్లులు వదులుకున్నది రూ.80,000. పెళ్లి విడిది వల్ల పాడైన మరుగుదొడ్డి బాగుచేయడమంటే ఆ తల్లుల సొమ్ము ఖర్చు చేయడమే. పేద ఊరికి ఉచితం అనుకున్నది ఆ ఊళ్లోని పేద తల్లి మీద పడుతుంది.

కాబట్టి కమిటీ వాడకాన్ని మూడు రకాలుగా చూస్తే మంచిది. తుఫాను, గ్రామసభ, రాత్రి బడి, వైద్య శిబిరం ఊరందరివి. వీటికి పైసా అడగకూడదు. ఊడ్చడం, నీళ్లు నింపడం వంతుల వారీగా ఊరే చేయాలి. ఓట్లు, శిక్షణలు సర్కారు పనులు. వాటి శుభ్రతకు, విరిగిన వస్తువుకు ఆ శాఖే డబ్బు ఇవ్వాలని కమిటీ కాగితం రాయాలి. మూడోది సొంత వేడుక. బడి నడిచే రోజున దానికి గది ఇవ్వకూడదు. సెలవు రోజున పైఅధికారుల అనుమతితో ఇస్తే కరెంటు, నీళ్లు, శుభ్రతకు అయిన ఖర్చే తీసుకోవాలి. అందులో లాభం చూసుకోకూడదు. డబ్బు లేని ఇంటివారు ఒక పూట పని చేసి పెట్టినా చెల్లినట్టే లెక్క. పాక వేసిన రోజుల్లో మన పెద్దలు కట్టిన చందా కూడా పనే కదా.

ఈ పని నడవాలంటే ఒక పుస్తకం చాలు. ఎవరు వాడారు, ఎప్పుడు తాళం తీసుకున్నారు, ఏం ఇచ్చారు, ఏం విరిగింది అని అందులో రాయాలి. నెలకోసారి తల్లుల ముందు సవరలోనో తెలుగులోనో చదివి వినిపించాలి. చదువుకున్న మన పిల్లలు రాయాలి, మాస్టారు సంతకం పెట్టాలి. తాళం ఒక్కరి జేబులో ఉంటే అనుమానం పెరుగుతుంది. లెక్క అందరి చెవిన పడితే తాళం ఎవరి దగ్గరున్నా ఊరికి భయం ఉండదు.

పాక వేసిన పెద్దల లెక్క ఎక్కడా రాసి లేదు. ఇకనుంచి మోసేవాళ్ల లెక్కయినా రాసి ఉంచుదాం.