రాయపురం రైల్వే స్టేషను

మన దేశంలో నేటికీ నిలిచి ఉన్న రైల్వే స్టేషను భవనాలలో అన్నిటికంటే పాతది ఎక్కడుందంటే చాలామందికి ముందుగా బొంబాయి గుర్తుకు వస్తుంది. తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న అక్కడి బోరీబందరు నుండి ఠాణాకు నడిచిన మాట నిజమే. మరుసటి ఏడాది హౌరా నుండి హుగ్లీకి రైలు నడిచింది. అయితే ఆనాటి బోరీబందరు స్టేషను గానీ, హౌరా స్టేషను గానీ నేడు లేవు. ఆ గౌరవం మద్రాసులోని రాయపురానికి దక్కింది. 1856 జులై 1న దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు ఇక్కడి నుండే ఆర్కాటు సమీపంలోని వాలాజా రోడ్డుకు బయలుదేరింది.

రేవు వైపు సాగే లారీల రద్దీని దాటుకొని ఆ స్టేషను చూడబోయాను. ఎర్రని గోడలు, వరుసగా తెల్లని ఎత్తైన స్తంభాలు. ఇది స్టేషనని ముందే తెలియకపోతే ఏ జమీందారు గారి బంగళాయో అనుకొంటాము. అప్పుడప్పుడు ఒక లోకల్ బండి వచ్చి ఆగుతుంది, నలుగురు దిగుతారు, మళ్ళీ నిశ్శబ్దం.

మిగిలిన రెండూ పోయి ఇదొక్కటే ఎలా మిగిలిందన్న ప్రశ్నకు ఆ నిశ్శబ్దంలోనే సమాధానం ఉందనిపించింది. బొంబాయిలో రాకపోకలు పెరిగిన కొద్దీ పాత స్టేషను చాలక, 1888 నాటికి విక్టోరియా టెర్మినసు వెలసింది. హౌరాలో 1905లో కొత్త భవనం వచ్చింది. మద్రాసులో మాత్రం 1873లో వేరే చోట సెంట్రల్ స్టేషను తెరిచారు. 1908లో ఎగ్మూరు స్టేషను కూడా వచ్చింది. ప్రాముఖ్యం అటు తరలిపోవడంతో రాయపురాన్ని కూల్చి కట్టవలసిన అవసరం ఎవరికీ కలుగలేదు. ఉపేక్షయే దానికి రక్ష అయింది.

మన సాహిత్యం చదివినవారికి ఈ స్టేషను మరొక విధంగా కూడా ముఖ్యమైనది. కాశీయాత్ర చరిత్ర వ్రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న ఈ చెన్నపట్నం నుండే పల్లకీలో, బోయీలతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగివచ్చారు. ఆయన దారిలో ఉండగానే, 1830 సెప్టెంబరులో, ఇంగ్లండులో లివర్‌పూల్ - మాంచెస్టర్ రైలుమార్గం మొదలయింది. ఆయన 1836లో కన్నుమూశారు. ఆ తరువాత ఇరవై యేళ్ళకు ఆయన ఊరికి రైలు వచ్చింది. ఒక తరం తిరిగేలోగా పల్లకీల కాలం పోయి రైళ్ళ కాలం వచ్చింది. దక్షిణాదిలో ఆ మార్పు ఆరంభమైన చోటును నేటికీ కళ్ళారా చూడగలగడం మన అదృష్టం.

అయితే ఉపేక్ష ఎల్లకాలం కాపాడదు. శిథిలమవుతూ వచ్చిన ఈ భవనాన్ని బాగుచేసి 2005లో తిరిగి తెరిచారు. మరొక ప్రక్క, రాయపురంలో పెద్ద టెర్మినల్ నిర్మించాలన్న ప్రతిపాదన ఏళ్ళ తరబడి వినబడుతూనే ఉంది. నగరానికి అది అవసరమే కావచ్చు. కానీ అనాదరణలో బ్రతికి బట్టకట్టిన కట్టడం ఆదరణ మూలంగా దెబ్బతినకూడదని నా కోరిక. చెన్నై వెళ్ళే మిత్రులు ఒక్క పూట వెచ్చించి దీనిని చూసిరావలసిందిగా మనవి.