పట్టా ఇల్లు

"ఏమ్మా, ఈ ఇల్లు గవర్మెంటుకిచ్చేసి నాయుడుపేటలో ఇంకోటి తీసుకోవచ్చా? నా కూతురు ఆడుండాది" అని అడిగింది, తడలో మాకు పూలు పోసే ఆవిడ.

ఇంగ్లండులో అయితే, 1985 నాటి గృహచట్టం ప్రకారం కౌన్సిలు ఇళ్ళలో అద్దెకుండేవాళ్ళు అనుమతి తీసుకుని ఇంటికి ఇల్లు మార్చుకోవచ్చు. మన దగ్గర పేదలకిచ్చేది అద్దె ఇల్లు కాదు, పట్టా. ఈమధ్య అది ఆడవాళ్ళ పేరునే ఇస్తున్నారు, సంతోషమే! కానీ 1977 చట్టం ఆ స్థలాన్ని బిడ్డలకు పోనిచ్చింది గాని, అమ్ముకోనివ్వలేదు. 2019లో ఇళ్ళస్థలాలకు 20 ఏళ్ళ తర్వాత అమ్మొచ్చన్నారు. 2021లో దాన్ని 10 ఏళ్ళకు తగ్గించారు. ఇంటికి ఇల్లు మాట మాత్రం ఎక్కడా లేదు.

ప్రభుత్వం కదలమంటే మాత్రం ఊళ్ళకు ఊళ్ళే కదులుతాయండీ. 1969లో రాకెట్ల కోసం శ్రీహరికోటను ఎంచుకున్నాక, పులికాట్ అవతలి ఆ దీవిలో పల్లెలెన్నో ఖాళీ అయ్యాయి. మా తడ అయితే 2022లో అంగుళమైనా కదలకుండానే నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు వెళ్ళిపోయింది!

ఆవిడ పట్టాకు ఇప్పుడు 8 ఏళ్ళు.

"ఇంకా రెండేళ్ళా?" అంటూ మూర కొలిచి నా చేతికిచ్చింది. "అప్పటికి దాని బిడ్డ ఇస్కూలుకు పోతాడమ్మా. ఎత్తుకోడానికే గదా నేను పోతానన్నది."