ఆరోగ్యవంతుల కంఠమందలి బాక్టీరియా: వర్గీకరణ చరిత్ర

రోగమేమియు లేని మనుష్యుని కంఠమునందు నిత్యనివాసము చేయు బాక్టీరియాకు పేరులిడి వర్గములుగా విభజించు ప్రయత్నము ఆరోగ్యజిజ్ఞాసవలన గాక రోగభయమువలననే ఆరంభమైనది. 1683లో లీవెన్‌హుక్ తన దంతమలమునందు చలించు జీవులను చూచి రాయల్ సొసైటీకి వ్రాసెను గాని, వానిని జాతులుగా విడదీయు సాధనము రెండు శతాబ్దములవఱకు లేకపోయెను. 1881లో స్టెర్న్‌బర్గ్ తన లాలాజలమును ఎక్కించిన కుందేళ్ళు మరణించెనని ప్రకటించెను. పిమ్మట న్యుమోనియాకు హేతువుగా గుర్తింపబడిన జీవియే దానికి కారణము. ఆరోగ్యవంతుని నోటను అట్టి జీవి వసింపవచ్చునని అప్పుడు తేలినది. 1884 నాటి గ్రామ్ వర్ణపరీక్ష ఊదారంగును నిలుపుకొను స్ట్రెప్టోకాకసును, నిలుపుకొనని నైసీరియా, హీమోఫిలసులను వేఱుపఱచెను.

అసలైన మలుపు 1903లో వచ్చినది. నెత్తురు కలిపిన అగార్ పళ్ళెముపై కొన్ని స్ట్రెప్టోకాకసులు రక్తకణములను పూర్తిగా కరిగించుననియు, కొన్ని పచ్చని ఛాయను మాత్రమే కల్పించుననియు షాట్‌ముల్లర్ చూపెను. పచ్చనివానికి 'విరిడాన్స్' అను పేరు స్థిరపడెను; నిరోగి కంఠమున సమృద్ధిగా నుండునవి ఇవియే. ఈ పరీక్షకు ప్రయోగశాలలు గొర్రె నెత్తురును కోరుటకు హేతువున్నది: హీమోఫిలసునకు కావలసిన యొక పోషకమును గొర్రె రక్తమందలి ఎంజైములు నశింపజేయును గనుక, నెత్తురును కరిగించు నిరపాయమగు హీమోఫిలస్ దానిపై సరిగా పెరుగదు, హానికరమగు స్ట్రెప్టోకాకస్ అను భ్రమను గొలుపదు. అనంతపురపు మెట్టలలో వాన తప్పి వేరుసెనగ ఎండినయేట ఇల్లు నిలుపు గొర్రెమంద గొంతునొప్పి నిర్ణయమునకును ఇట్లు ఉపకరించుచున్నది.

లాలాజల స్ట్రెప్టోకాకసులను చక్కెరలపై పరీక్షించిన గోర్డన్, ప్రోడిజియోసస్ అను ఎఱ్ఱని బాక్టీరియా ద్రవమును పుక్కిలించి బ్రిటిషు కామన్స్ సభామందిరమున షేక్‌స్పియరును చదివి, మాటతో వెలువడు తుంపరలు ఎంతదూరము పోవునో కొలిచెను. మన పద్యనాటక నటుడు రాగము తీసినచో కడపటి వరుసవారికిని ముప్పు తప్పదు! గోర్డన్ చేసిన చక్కెర పరీక్షలనే విస్తరించి 1906లో ఆండ్రూస్, హార్డర్ అనువారు సలివేరియస్, మైటిస్, ఆంజినోసస్ అను పేరులిచ్చిరి. అవి నేటికిని చెల్లుచున్నవి.

1933లో లాన్స్‌ఫీల్డ్ కణకవచపు కార్బోహైడ్రేటులనుబట్టి ఏర్పఱచిన అక్షరవర్గములు రోగకారకులకు చక్కగా అమరెను గాని, కంఠవాసులలో పెక్కింటికి వానియందు చోటు దొరకలేదు. 1937లో షెర్మన్ వీనినన్నిటిని విరిడాన్స్ అను నొక్క విభాగమునందే చేర్చెను. ఇది సౌకర్యమునకు చేసిన మూటయే గాని వంశనిర్ణయము కాదు. ఇతర కంఠవాసుల పేరులును మారుచుండెను: నైసీరియాలలో నొకటైన కెటరాలిస్ 1970లో బ్రాన్‌హమెల్లాయై, తరువాత మొరాక్సెల్లాయైనది.

1977లో వోస్ చూపిన రైబోసోము ఆర్.ఎన్.ఏ. మార్గము వంశవృక్షమును తేటపఱచెను. అయినను నిరపాయమగు మైటిస్, ప్రాణాంతకమగు న్యుమోనియే అను రెండింటి 16ఎస్ జన్యువులు నూటికి 99 పాళ్ళకు మించి యొక్కటియే యగుటచే, ఆ యొక్క జన్యువును చదివి వీనిని విడదీయుట నేటికిని నమ్మదగిన పద్ధతి కాదు.