చెరువు దోషాలు ఆరు

కడప ప్రాంతంలోని పోరుమామిళ్లలో భైరవాలయం ముందు నిలిపిన రెండు శిలాఫలకాలమీద ఒక సంస్కృత శాసనం ఉన్నది. శక సంవత్సరం 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యాన్ని ఏలిన భాస్కరుడు అక్కడ అనంతరాజసాగరమనే చెరువును నిర్మించిన వైనం అందులో ఉన్నది. వంశవర్ణన, పుణ్యఫల ప్రశంస ఇతర శాసనాలలోనూ కనిపించేవే. మంచి చెరువుకు కావలసిన సాధనాలు పన్నెండని, తప్పించవలసిన దోషాలు ఆరని వరుసగా చెప్పడం మాత్రం అపురూపం.

కట్టనుండి నీరు ఊరిపోవడం, చవిటి నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం, చెరువు నడుమ మెరక, నీరు స్వల్పమై సాగుభూమి విస్తారం కావడం, నేల స్వల్పమై నీరు అధికం కావడం - ఇవీ ఆ దోషాలు. వీటిలో పనితనానికి నేరుగా సంబంధించినది మొదటిది ఒక్కటే. తక్కిన అయిదూ తట్టెడు మట్టి ఎత్తకముందే, స్థలంమీద నిలబడి కనిపెట్టవలసినవి. నేల గుణంతోపాటు సరిహద్దును కూడా దోషాలలో చేర్చడం చూస్తే శాసనకర్తకు పాలనానుభవం ఉన్నదనిపిస్తుంది. అంతర్రాష్ట్ర జలవివాదాల దస్త్రాలు తిరగవేసినవారికి ఈ మాట వివరించనక్కరలేదు.

సాధనాలలో జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి బంకనేల, నిడుపైన తిన్నని రాళ్లు దొరికే గని ఉన్నాయి. చివరిది, నిర్మాణంలో ఆరితేరిన పనివారు. వేయిమంది కూలీలు, రాళ్లు తోలే నూరు బండ్లు, రెండేళ్ల కాలం ఈ చెరువుకు పట్టినవని శాసనమే చెబుతుంది.

మొదటి దోషం చెరువు నిండినప్పుడుగాని బయటపడదు. అప్పటికి దాని కారణం కట్ట గర్భంలో పూడిపోయి ఉంటుంది. కట్ట గట్టిదనాన్ని పట్టించుకొనే పూచీని రాయలసీమలో దశబంధం ఒక విధంగా కల్పించింది. చెరువు తవ్వించినవారికి, మరమ్మతు చేసినవారికి ఆ చెరువు కిందనే భూమి ఇచ్చేవారు. కట్ట ఊరితే ముందుగా ఎండేది వారి పైరే.

19వ శతాబ్దిలో పబ్లిక్ వర్క్స్ శాఖ, కంట్రాక్టు పద్ధతి స్థిరపడిన తరువాత ఈ బంధం తెగింది. బిల్లు చెల్లించడంతో కట్టినవాడికి, కట్టడానికి సంబంధం దాదాపు ముగుస్తుంది. ఆ లోటును పూరించడానికి వచ్చినదే కొలతల పుస్తకం. పుటలకు వరుస సంఖ్యలుండాలి, ఒక్క కాగితమైనా చించరాదు, కొలతలు పనిస్థలంలోనే వ్రాయాలి, తప్పును చెరపక కొట్టివేసి సంతకం చేయాలి. పై అధికారి కొంత భాగాన్ని స్వయంగా తిరిగి కొలవాలి. పునాదులవంటి పనులను కప్పకముందే చూడాలి. కంట్రాక్టరునే కాక, కొలిచే ఉద్యోగిని కూడా పూర్తిగా నమ్మని పుస్తకమిది. నా దృష్టిలో దాని గొప్పతనం అదే.

కొన్నేళ్ల క్రితం ఒక గ్రామ మంచినీటి పథకం తనిఖీకి వెళ్లినప్పుడు గొట్టాల కందకం అప్పటికే పూడ్చి ఉన్నది. పుస్తకంలో లోతు మీటరు. అంకెలు ముత్యాలవలె ఉన్నాయి, ఒక్క కొట్టివేత లేదు. ఒకచోట తవ్వించి చూస్తే రెండడుగులలోపే గొట్టం తగిలింది. పక్కన చూస్తున్న ముసలి రైతు, “మా నాగలికి ఎప్పుడో తగిలిందయ్యా” అన్నాడు. ఆ పుటలో కొలత కొట్టివేసి, కొత్తది వ్రాసి, ఇద్దరం సంతకాలు చేశాము.