పగడానికి చేప కావాలా?

ఆళ్లగడ్డలో మా పుట్టింట్లోనూ, నంద్యాలలో అత్తింట్లోనూ తాళికి పగడాలు గుచ్చుకుంటాం. ఆ ఎర్ర పగడం మన సముద్రానిది కాదండీ, మధ్యధరా సముద్రానిది. రెండువేల ఏళ్ల కిందటే రోమన్ ఓడల్లో మన దేశానికి వచ్చేది. దానికి ఎండ అక్కర్లేదు. చీకట్లో, నీళ్లలో కొట్టుకొచ్చేవి తిని బతుకుతుంది.

మా అన్నయ్య కొడుకు పెంచుతానంటున్నది వేరే రకం. "అత్తా, చేపలొద్దు, ఉత్త పగడాలే" అంటాడు. ఈ దిబ్బ పగడాల ఒంట్లో నాచు కాపురముంటుంది, వెలుతురు తీసుకుని వాటికి వండి పెడుతుంది. వాటిని సముద్రపు రాళ్లు, గాలి బుడగలతోనే అద్దాల తొట్టిలో బతికించొచ్చని జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో రాశాడు.

చేపలు లేకపోతే శుభ్రమే కదా అనుకుంటాం. కానీ చేపల మలం నుంచే నత్రజని, భాస్వరం అందుతాయి. అవి బొత్తిగా లేకపోతే పగడాలు పాలిపోతాయి. అందుకే రవ్వంత మేత మనమే వెయ్యాలి. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉండాలి. నంద్యాల మే నెలలో, అదీ కరెంటు పోయినప్పుడు, ఎలాగో మీరే చెప్పండి!

ఇంకోటి. దిబ్బ పగడాలను 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. మన సముద్రంలోంచి తీస్తే నేరం. అందుకే అవి ఎక్కడివో కాగితాలు చూపించమని ముందు దుకాణంవాళ్లను అడగమన్నాను.